అనంతగిరికి ఎక్కిన పియానో

పార్వతీపురం,
22 ఫిబ్రవరి 1927.

సర్వేశ్వరరావు మామయ్యకు చిన్నమ్మి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, ఒక్క పియానో తప్ప. అది ఎక్కడుందో, ఎలా ఉందో నువ్వే చెప్పాలి.

నేను పిన్ని కూతురి పెళ్ళికని బొబ్బిలి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ముందుగదిలో పియానో ఉండే చోట దుమ్ము గీతలు తప్ప ఏమీ లేవు. అమ్మని అడిగితే, "మీ మామ రిపేరుకి అట్టుకెళ్ళాడే. శ్రుతి పోయిందంట. తమ్ముడు నోరు తెరిచి అడిగితే కాదంతానేటి?" అంది. శ్రుతి పోలేదు. బొబ్బిలి బండెక్కే రోజు పొద్దున కూడా వాయించాను. నీకు పియానో కావలసి వచ్చింది, నేను ఇంట్లో లేని రోజు చూసుకుని వచ్చావు. ఇలాంటి పనిని మా వీధిలో ఏమంటారో నీకు తెలుసు. నాకంటే పెద్దవాడివని ఆ మాట రాయడం లేదు.

ఆ పియానో తాతయ్య విశాఖపట్నంలో దొరల సామాను వేలంలో కొన్నాడు. పోయేముందు నన్ను పిలిచి, ఇది నీదే అన్నాడు. నువ్వు ఆయన కన్నకొడుకువి, పైగా ఊరూరా తిరిగి కచేరీలు పెట్టే పియానిస్టువి. అయినా నీకివ్వలేదు. అప్పట్లో నాకు ఆశ్చర్యం వేసింది గానీ ఇప్పుడు వేయడం లేదు.

విశాఖపట్నం ఆడపిల్లల స్కూలు వాళ్ళు నన్ను మే నెలలో రమ్మన్నారు. వాళ్ళ ముందు కూర్చుని వాయించాలి. నచ్చితే సంగీతం టీచరు ఉద్యోగం, ఉండడానికి గది ఇస్తారు. నాకు ఇరవై రెండేళ్ళు. మేనమామవి కదా, నీకే ఇచ్చి చేస్తామని నన్ను పద్నాలుగో ఏటినుంచి ఇంట్లో కూర్చోబెట్టారు. నువ్వు కొలంబో అన్నావు, రంగూన్ అన్నావు, వచ్చే ఏడు చూద్దామన్నావు. ఇన్నేళ్ళూ మిషన్ దొరసాని దగ్గర నేర్చుకున్నది సాధన చేసుకుంటూ గడిపాను. ఇప్పుడు నువ్వు ఆ పియానోని కూడా బండికెత్తించావు.

పియానో వెంటనే పంపించు.

చిన్నమ్మి


అనంతగిరి,
4 మార్చి 1927.

చి॥ల॥సౌ॥ చిన్నమ్మిని మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చేరింది. చేతిరాత తాలూకా కచేరీలో గుమాస్తా చేసే మీ నాన్నది, నోరు మీ మేనత్త అప్పలనర్సమ్మది. మా అక్క పోలిక ఒక్కటీ రాలేదు, మన ఇంటి దురదృష్టం.

కళాకారుడు వాద్యాన్ని తీసుకువెళితే దాన్ని దొంగతనం అనరు. సద్వినియోగం అంటారు. ఈస్టరు సోమవారం నాడు, అంటే ఏప్రిల్ 18న, ఇక్కడి కాఫీతోట బంగళాలో నా పియానో కచేరీ. ఏర్పాట్లు చేసేదీ నేనే, వాయించేదీ నేనే. ఈ మన్యంలో ఇంతవరకు ఎవరూ పియానో ముఖం చూడలేదు. తోటల దొరలందరికీ కార్డులు పంపాను. వాళ్ళలో ఒక్కరు బాగుందని మద్రాసుకు ఒక ముక్క రాసినా, అక్కడి హాళ్ళ తలుపులు నాకోసం తెరుచుకుంటాయి. పార్వతీపురంలో ముందుగదిలో కూర్చునేవాళ్ళకు ఇది అర్థం కాదు.

ఇక్కడి మనుషుల సంగతి రాస్తే నవ్వుతావు. పొద్దున లేస్తే చలి, పొగ, చోడి అంబలి. డుంబ్రిగుడ సంతకి బుట్టెడు పసుపుకొమ్ములు మోసుకుపోయి, చారెడు ఉప్పు తెచ్చుకుని, రాజ్యం గెలిచినట్టు డప్పు కొట్టుకుంటూ వస్తారు. ఆ గోలనే సంగీతం అనుకుంటారు. గాసి అని ఈ గూడేలన్నిటికీ పెద్ద, ముఠాదారు ఒకడున్నాడు. పియానో అంటే ఏటి బాబూ అని అడిగాడు. వాడికి చెప్పడం దండగ అని ఊరుకున్నాను.

ఇక నీ ఉద్యోగం. నీ వాయింపు విని నీకు జీతం ఇస్తారా? నిజం చెబుతున్నానని కోపం తెచ్చుకోకు. నీ ఎడమచెయ్యి పిండి దంచినట్టు ఉంటుంది. దొరసాని నేర్పిన సొనాటాలో ఆ నెమ్మది భాగం నువ్వు మొదలుపెడితే నాకు లేచి పెరట్లోకి పోవాలనిపిస్తుంది. వైశాఖంలో అక్క ముహూర్తం చూస్తోంది. పెళ్ళయ్యాక నా కచేరీల్లో పక్కన కూర్చుని కాగితాలు తిప్పుదువుగాని. మన ఆంధ్రదేశంలో ఏ ఆడదానికీ దక్కని గౌరవం అది.

కచేరీ అవగానే పియానో దింపిస్తాను. దిగులు పడకు.

సర్వేశ్వరరావు


పార్వతీపురం,
12 మార్చి 1927.

మామయ్యకు చిన్నమ్మి రాయునది.

చి॥ల॥సౌ॥ అని రాశావు. శుభలేఖలు ఇంకా అచ్చు కాలేదు, ఆ తొందర వద్దు.

నీ కచేరీ ఒకటి నేనూ విన్నాను, మరిచిపోయావా? పోయినేడు విజయనగరంలో. వాల్‌పోస్టరు మీద నీ ఫొటో నీకంటే పెద్దది. ముందు వరసలో కూర్చున్న ప్లీడర్లు తాంబూలం వేసుకోవడానికి లేచి బయటికి పోయారు, మళ్ళీ లోపలికి రాలేదు. నువ్వు వాయించడం ఆపి, సంగీతం తెలియని పశువులని మమ్మల్ని తిట్టావు. మేం కదలకుండా కూర్చున్నవాళ్ళం కదా! వెళ్ళిపోయినవాళ్ళని వదిలేసి కూర్చున్నవాళ్ళని తిట్టిన మనిషిని అప్పుడే చూశాను.

కొండమీద వాళ్ళు డప్పు కొడితే గోల అన్నావు. వాళ్ళ డప్పు వాళ్ళు వింటారు కదా. నీ పియానో వినడానికి నువ్వు కార్డులు అచ్చు వేయించి ఇంటింటికీ పంపాలి.

నేను ఇప్పుడు బల్ల మీద సుద్దతో పియానో మెట్లు గీసుకుని వేళ్ళు ఆడిస్తున్నాను. నిన్న అప్పలనర్సమ్మ అత్త చూసింది.

"ఓలమ్మ, ఈ గుంటకి ఏటైంది? సెక్క మీద ఏటి సేత్తన్నావే?"

"వాయిస్తున్నానత్తా."

"మరి ఇనబడదేటి?"

"మామయ్యని అడుగు."

"ఆడినడిగితే ఇంకో రెండేళ్ళు ఆగమంతాడు," అని వంటింట్లోకి పోయింది.

పెళ్ళి సంగతి. నిన్ను చేసుకోనని అమ్మకు చెప్పాను. అమ్మ ఏడ్చింది, అన్నం మానేసింది, చివరికి ఒక మాట అంది. "ఆ ఉజ్జోగం వచ్చిందంటే నేనేటీ అనను, నీ బతుకు నువ్వు బతుకు. రాలేదంటే నోరు మూసుకుని వైశాఖంలో పీటల మీద కూకో." నాన్న కూడా సరే అన్నాడు. కనుక నాకు ఆ పియానో కావాలి. సుద్దగీతలు వాయించి ఎవరూ ఉద్యోగం తెచ్చుకోలేరు. నువ్వు కచేరీ చేసుకో, వద్దనను. మర్నాడే బండెక్కించు.

చిన్నమ్మి


అనంతగిరి,
5 ఏప్రిల్ 1927.

చి॥ల॥సౌ॥ చిన్నమ్మికి,

మళ్ళీ అలాగే రాశాను, చూడు. అలవాటు చేసుకో.

నీ పియానో శృంగవరపుకోట దాకా బండి మీద వచ్చి, ఇప్పుడు మనుషుల భుజాల మీద ఘాటీ కొండదారి ఎక్కుతోంది. మోకు కట్టి, వెదుళ్ళు దూర్చి, మలుపు మలుపుకీ దింపి చుట్ట కాల్చుకుంటూ మోస్తున్నారు. శవాన్ని కూడా ఇంత నింపాదిగా మోయరు. నేను వెనకే నడుస్తూ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను.

ఇప్పుడు గాసి కొత్త పాట ఎత్తుకున్నాడు. "బాబూ, సైత్రం ఒచ్చేసింది. పున్నానికి ఇటుకల పండగ. మగోలందరూ యేటకెల్లిపోతారు, బరువు ముట్టుకోరు. నీ పాటేదో ముందేనా ఎట్టుకో, ఎనకేనా ఎట్టుకో" అన్నాడు. ఈ పండగ ఏమిటని అడిగితే చెప్పాడు, విను. మగవాళ్ళు అడవిలో వేటాడుతుంటే ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చేపోయేవాళ్ళని ఆపి, డబ్బులైనా ఇమ్మంటారట, పాటైనా పాడమంటారట. వేటకెళ్ళి వట్టిచేతులతో తిరిగొచ్చిన మగాడి మీద పేడనీళ్ళు కుమ్మరిస్తారట. ఇదీ వీళ్ళ నాగరికత! దొరల ఈస్టరు ఆపుకుని వీళ్ళ పేడనీళ్ళ కోసం నా కచేరీ వాయిదా వేయాలట. ప్రోగ్రాములు అచ్చయిపోయాయి, తేదీ మారదు అని చెప్పాను. రెండు కుండల కల్లు పోయిస్తే ఏ పండగైనా దానంతటదే వెనక్కి జరుగుతుంది. నేను లోకం చూసినవాణ్ణి.

అక్క పెట్టిన షరతు చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అందులో ఒక చిన్న చిక్కుంది. జూన్ వచ్చిందంటే ఈ ఘాటీ నిండా జారుడే. వానలు వెళ్ళేదాకా పియానోని బంగళాలోనే ఉంచితే దానికి మంచిదేమో అని ఆలోచిస్తున్నాను. నీకు కూడా మంచిదే. పరీక్షకు వెళ్ళి అవమానం పాలవడం తప్పుతుంది.

సర్వేశ్వరరావు


పార్వతీపురం,
9 ఏప్రిల్ 1927.

పూజ్యులైన మామయ్య గారికి చిన్నమ్మి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదువుకున్నాను. మీకు తోచినట్టే చేయండి. మీ కచేరీ దిగ్విజయంగా జరగాలని కోరుకుంటున్నాను.

అప్పలనర్సమ్మ అత్తా నేనూ సింహాచలం స్వామి కల్యాణానికి వెళుతున్నాం. కొన్నాళ్ళు ఇంట్లో ఉండను. కచేరీ ఎలా జరిగిందో వివరంగా రాయండి. ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏమన్నారో ఒక్కటి కూడా వదలకండి. తిరిగి రాగానే అందరికీ చదివి వినిపిస్తాను.

చిన్నమ్మి


వాల్తేరు,
24 ఏప్రిల్ 1927.

చి॥ల॥సౌ॥ చిన్నమ్మిని ఆశీర్వదించి రాయునది.

మొదటిసారి నన్ను మీరు అన్నావు. సంతోషం. మర్యాద ఆలస్యంగానైనా వచ్చింది, సింహాచలం స్వామి చలవ.

కచేరీ సంగతి ఏమని రాయను! బంగళా వరండా కిక్కిరిసిపోయింది. దొరలూ దొరసానులూ మెట్ల మీద కూడా కూర్చున్నారు. చివర్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, మళ్ళీ మళ్ళీ వాయించమన్నారు. పెద్దదొర నా చెయ్యి పట్టుకుని, ఇటువంటిది ఈ కొండల్లో వింటాననుకోలేదు అన్నాడు. కొండవాళ్ళు పండగ మానుకుని మరీ పియానోని బంగళా మెట్లదాకా తెచ్చి దింపారు. చెప్పానుగా, వీళ్ళతో ఎలా మసలాలో నాకు తెలుసు. నా నల్లకోటు మాత్రం దారిలో బురదపడి పాడైపోయింది.

నీ మేలు కోరి ఒక మాట రాస్తున్నాను. కచేరీ మర్నాడు సాయంత్రం నేను కొండదారిన నడిచి వస్తున్నాను. కింది మలుపు దగ్గర ఎవరో దొరసాని నా పియానో వాయిస్తోంది. నువ్వు పాడుచేసే ఆ నెమ్మది భాగమే. కాలు కదలలేదు. మద్రాసులో, రంగూన్‌లో ఇంగ్లీషు సీమనుంచి వచ్చినవాళ్ళని నేనే పిలిపించి కచేరీలు చేయించాను. వాళ్ళెవరూ దాన్ని అలా వాయించలేదు. ఆ ఎడమచెయ్యి ఎంత మెత్తగా ఉందో! నేనసలు సంగీతంలోకి ఎందుకు వచ్చానో జ్ఞాపకం వచ్చి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను. నేను కూడా అలా వాయించలేను, నీ దగ్గర దాపరికం ఎందుకు. నువ్వు వందేళ్ళు సాధన చేసినా ఆ ఛాయలకు పోలేవు. అది పుట్టుకతో రావాలి. ఆవిడ పేరు కనుక్కుందామనుకున్నాను గానీ, పనుల తొందరలో కుదరలేదు.

పియానో బంగళాలో భద్రంగా ఉంది. దొర ముచ్చటపడి, వానలు వెళ్ళేదాకా పంపనంటున్నాడు. కాదనలేకపోయాను. స్కూలు వాళ్ళకు రాలేనని ఒక కార్డు రాసేయి. వైశాఖ బహుళంలో మంచి ముహూర్తం ఉందని అక్కతో చెప్పు.

సర్వేశ్వరరావు


పార్వతీపురం,
17 మే 1927.

మామయ్యకు చిన్నమ్మి రాయునది.

ఇన్నాళ్ళూ నీకు జవాబు రాయలేదు, అమ్మని కూడా రాయనివ్వలేదు. ఒక సంగతి తేలాక రాద్దామనుకున్నాను. నిన్న తేలింది.

నువ్వు రాసిన కచేరీ వర్ణన అత్తకు చదివి వినిపించాను. "ఓరి దీని సిగతరగ, బంగళాకి తాళం కదే!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడకెలా తెలుసంటావేమో. సింహాచలం కొండ దిగి మేము ఇంటికి రాలేదు. శృంగవరపుకోట దాకా మోటారు బస్సు, అక్కడినుంచి సంతకు పోయే బండి పట్టుకుని ఘాటీ ఎక్కాం. పియానోని నేనే దింపించుకు రావాలని వెళ్ళాను.

బంగళాకు ఇంకా చాలా దూరం ఉండగానే అది కనిపించింది. మలుపు పక్క గూడెంలో, పనసచెట్టు కింద, మోకులతో సహా ఉంది. పున్నమి రాగానే నీ మనుషులు అక్కడ దింపేసి వేటకు పోయారు. నీ కల్లుకుండలు కూడా పట్టుకుపోయారట. దారికి అడ్డంగా కర్ర, ఆ కర్ర దగ్గర సోములమ్మ అనే ఆవిడ, చుట్టూ ఆడవాళ్ళు.

"డబ్బులెట్టు, నేకపోతే పాట పాడు," అంది సోములమ్మ.

అత్త పాడింది. రెండో చరణానికే వాళ్ళు చాలు చాలని కర్ర ఎత్తేశారు.

నీ సంగతి కూడా సోములమ్మే చెప్పింది. దొరలందరూ ఈస్టరు డాన్సుకని వాల్తేరు దిగిపోయారట. ఒక్కడూ రాలేదు. నువ్వు తాళం వేసిన బంగళా ముందు చాలాసేపు కూర్చుని, కావలివాణ్ణి తిట్టి, వాడి తుపాకీయే అడిగి పుచ్చుకుని గాసి వెనక అడవిలోకి పోయావట. "పాట నేకపోతే పోయింది, కణుజు దుప్పిని కొట్టుకొత్తానన్నాడు నీ మామ," అంది. నిన్ను చేసుకోబోయే గుంట ఇదేనని అత్త అప్పటికే వాళ్ళకు చెప్పేసింది, నోరు ఆగదు కదా.

సోములమ్మ ఇంట్లోనే ఉన్నాం. ఈ పెట్టెకి పళ్ళేటి అని అడిగితే వాళ్ళకు వాయించి చూపించాను. ఒక ముసలమ్మ నిద్రపోయింది. కాసేపటికి సోములమ్మ, "బాగుందిలే, ఇంక ఆపు. మేం ఆడుకోవాల," అంది. విజయనగరం ప్లీడర్ల కంటే నయం, మొహం మీదే చెప్పి ఆపింది. వాళ్ళు వెళ్ళి ఆడుకున్నారు. నేను నా సాధన చేసుకున్నాను.

మంగళవారం సాయంత్రం మగవాళ్ళు దిగుతున్నారని కేక వినబడింది. వాయించడం ఆపి లేచాను. సోములమ్మ పేడనీళ్ళ కుండ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వట్టిసేతులతో వత్తన్నాడు నీ మామ. మా కాడ వరసైన గుంటే పొయ్యాల. నీదే వంతు, బేగి రా."

ఇన్నేళ్ళుగా అమ్మా నువ్వూ మేనరికం వరస, వరస అంటూ వచ్చారు. ఆ వరస నాకు ఉపయోగపడింది ఆ ఒక్క సాయంత్రమే. కొంగు తలమీద కప్పుకుని వాళ్ళ మధ్యలో నిలబడ్డాను. నువ్వు మలుపు తిరిగి, నల్లకోటు సర్దుకుంటూ, నవ్వు మొహంతో పరుగులాంటి నడకతో వచ్చావు. కుండ మొత్తం పోశాను. కళ్ళు మూసుకుపోయినవాడివి నన్ను చూడలేదు. ఇంగ్లీషులో తిడుతూ ఘాటీ దిగిపోయావు, వెనక్కి తిరిగి పియానో వైపు కూడా చూడలేదు. అది వానకు తడుస్తుందో, చెదలు పడుతుందో నీకు పట్టలేదు. ఆ తరవాత దాన్ని బంగళాలో భద్రంగా పెట్టినట్టు నాకు రాశావు.

పండగ అయిపోయాక గాసి మనుషులే దాన్ని మాకు కిందికి దింపిపెట్టారు. అయ్యేదాకా ఆగితే వాళ్ళకేమీ అభ్యంతరం లేదు. నీ ఉత్తరం వచ్చేనాటికి పియానో మా ముందుగదిలోనే ఉంది. మొన్న శనివారం స్కూల్లో వాయించాను. ఉద్యోగం ఇచ్చినట్టు నిన్న కాగితం వచ్చింది. అమ్మ ఒక పూట అలిగింది గానీ, అన్న మాట మీద నిలబడింది. ముహూర్తం అడిగిన పంతులుగారికి వద్దని కబురు పంపింది.

ఇంకొక్కటి చెప్పాలి. ఆ మలుపు దగ్గర దొరసాని ఎవరూ లేరు మామయ్యా. ఆ నెమ్మది భాగం వాయిస్తున్నది నేను. నువ్వు నవ్వు మొహంతో పరిగెత్తుకొచ్చింది ఎందుకో నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. చదివి ఏడ్చాను. ఆ మాటల కోసం నేను పద్నాలుగో ఏటినుంచి చూస్తున్నాను. నువ్వు ముందుగదిలోకి వచ్చిన ప్రతిసారీ, ఈసారైనా అంటావేమోనని ఇంకాస్త జాగ్రత్తగా వాయించేదాన్ని. నువ్వు లేచి పెరట్లోకి పోయేవాడివి.

వాయిస్తున్నది నేనని తెలిసి ఉంటే ఆ మాటల్లో ఒక్కటి కూడా నువ్వు రాసేవాడివి కాదు. అందుకే నిన్ను చేసుకోను.

చిన్నమ్మి